ఈ బాకీ ఎవరిది?

"పెదనాన్నా, మనవాళ్లకి లెక్కలు రావా?"

మా తమ్ముడి కూతురు అన్నం తింటూ తింటూ ఈ మాట అడిగింది. బందరు కాలువ వెంట ఉన్న ఒక ఊళ్లో వాళ్ల కాపురం. విజయవాడ నుంచి ఒక ఆదివారం మేం చూడ్డానికి వెళ్లాం. మా తమ్ముడూ మరదలూ బుట్టలు, తట్టలు అల్లుతారు, నాలుగు పందుల్ని మేపుతారు, నాట్లకీ కోతలకీ కూలికి వెళ్తారు. పిల్ల అప్పుడు సర్కారు హైస్కూల్లో ఎనిమిదో తరగతి. ఏడో తరగతిలో దానికి 62 శాతం మార్కులు వచ్చాయి.

అడగ్గా అడగ్గా నాలుగు రోజుల కిందటి సంగతి బయటికొచ్చింది. ఎనిమిదో తరగతి పిల్లలకి నేషనల్ మీన్స్ కమ్ మెరిట్ స్కాలర్‌షిప్ పరీక్ష ఉంటుంది. 2008లో కేంద్రం పెట్టిన పథకం ఇది. ప్రభుత్వ, స్థానిక సంస్థల, ఎయిడెడ్ బళ్లలో చదివే పేదపిల్లలు రాయొచ్చు. ఎంపికైతే తొమ్మిది నుంచి పన్నెండో తరగతి దాకా ఏడాదికి 12,000 రూపాయలు వస్తాయి. ఆ పరీక్షకి లెక్కల మాస్టారు క్లాసులో పేర్లు రాసుకుంటున్నారు. మా పిల్ల చెయ్యెత్తింది. ఆయన నవ్వి, "నీకెందుకమ్మా ఇది? మీవాళ్లకి లెక్కలు ఎక్కవు. మీకెలాగూ గవర్నమెంటు అన్నీ ఇస్తుందిగా" అన్నారు. తిట్టలేదు, కొట్టలేదు. అమ్మా అనే అన్నారు. క్లాసులో కొందరు నవ్వారు. పిల్ల చెయ్యి దించేసింది.

ఆ రాత్రి మా ఇంట్లో పెద్ద వాదన జరిగింది. అలాంటి వాదన మన గూడేల్లో, పేటల్లో చాలా ఇళ్లలో జరిగే ఉంటుంది. అందుకే దాన్ని ఇక్కడ చెప్పుకోవడం అవసరమనుకున్నాం. మన పిల్లని టీచరు చిన్నబుచ్చితే మనం ఏం చెయ్యాలి? ఇందులో కోపం ఎంత, న్యాయం ఎంత? ఎవరి కోసం చేస్తున్నాం?

మా తమ్ముడిది ఒక దారి. "వదిలెయ్యి అన్నా. రేపు పొద్దున మళ్లీ ఆ సారు ముందే కూర్చోవాలి. మనం అడిగితే దాని మీద ఇంకా కక్ష పెట్టుకుంటారు" అన్నాడు. ఇది పిరికితనమని మేం అనలేం. మా ఎరుకల వాళ్లకి హాజరు అనే మాట బడి రాకముందే తెలుసు. 1871 నాటి నేరస్త తెగల చట్టాన్ని 1911లో మద్రాసు ప్రెసిడెన్సీకి తెచ్చారు. దాని కింద నమోదైన తెగల్లో మా తెగ కూడా ఉంది. నమోదైనవాళ్లు పోలీసు ముందు హాజరు వేయించుకోవాలి, ఊరు దాటాలంటే చెప్పి దాటాలి. బాపట్ల దగ్గర స్టువర్టుపురం సెటిల్మెంటు అలా పుట్టిందే. పుట్టుకని బట్టి మనిషిని దొంగ అన్న ఆ చట్టం దేశమంతటా రద్దయింది 1952 ఆగస్టు 31న. మా తాతల కాలం అది, ఎంతో దూరం కాదు. కుర్చీలో కూర్చున్నవాడితో మాట్లాడితే నష్టమే తప్ప లాభం లేదని వాళ్లు నేర్చుకున్నారు. మా తమ్ముడి నోట వచ్చింది ఆ నేర్చుకున్న మాటే.

అయినా ఆ మాటతో ఒక చిక్కుంది. మనం ఊరుకుంటే పిల్ల దాన్ని ఓర్పు అనుకోదు. "సారు అన్నది నిజమే కాబోలు, అందుకే అమ్మానాన్నా ఏమీ అనలేదు" అనుకుంటుంది. పెద్దవాళ్ల మౌనం పిల్లల చెవికి ఒప్పుకోలులాగే వినిపిస్తుంది.

పేటలోని కుర్రాళ్లది రెండో దారి. విషయం తెలిసి నలుగురు వచ్చారు. డిగ్రీ చదివినవాళ్లు. "రేపు అందరం స్కూలుకి వెళ్దాం. కేసు పెడదాం. వీడియో తీద్దాం" అన్నారు. వాళ్ల కోపం చూసి మాకు లోపల సంతోషమే అయింది. మా కాలంలో అలా వచ్చేవాళ్లు లేరు. కానీ పిల్ల ఆ మాటలు వింటూ గోడకి ఇంకా ఇంకా ఆనుకుపోవడం కూడా చూశాం. అవమానం పడింది అది. ఇప్పుడు ఆ అవమానం అందరి ఫోన్లలోకీ ఎక్కబోతోంది. మన కోపం తీరడానికి పిల్లని వాడుకుంటే అది కూడా పిల్లని లెక్కచెయ్యకపోవడమే.

మా ఆవిడది మూడో దారి. అందరికీ నచ్చిన దారి అదే. "నువ్వు కసిగా చదివి, పరీక్ష రాసి, ఫస్టు వచ్చి ఆ సారుకి చూపించవే. అదే జవాబు" అంది. ఇలాంటి మాటలు మనం సభల్లో ఎన్నిసార్లు చెప్పలేదు? 2014 మే 25న మాలావత్ పూర్ణ పదమూడేళ్ల వయసులో ఎవరెస్టు ఎక్కినప్పటి నుంచి ఆ అమ్మాయి పేరు చెప్పని ఆదివాసీ సభ తెలుగునాట లేదేమో. చెప్పుకోవాలి కూడా. ఆమె మన గర్వం. కానీ ఒక్కటి ఆలోచించండి. పక్క బెంచీ పిల్ల చెయ్యెత్తితే చాలు, పేరు రాసుకుంటారు. మన పిల్ల ఎవరెస్టు ఎక్కితేనా పేరు రాసుకునేది? అన్న మాట మాస్టారిది. ఊరుకుంటే తప్పు మనది. జవాబు చెప్పే బరువు మాత్రం పదమూడేళ్ల పిల్ల నెత్తిన. ఇది ఏ లెక్క?

మా ఎరుకలవాళ్లు ఏకలవ్యుణ్ణి మావాడని చెప్పుకుంటారు. నిషాదుల రాజు హిరణ్యధన్వుడి కొడుకు. నిషాదుడన్న కారణంతోనే ద్రోణుడు అతనికి విద్య చెప్పనన్నాడు. ఆ పిల్లవాడు అడవిలో మట్టిబొమ్మ పెట్టుకుని ఒంటరిగా నేర్చుకున్నాడు. అర్జునుణ్ణి మించాడు. అప్పుడొచ్చి గురుదక్షిణగా కుడిచేతి బొటనవేలు అడిగారు. ఈ కథని గురుభక్తి కథగా చెప్పినవాళ్లున్నారు. అన్యాయం కథగా మనం చెప్పుకుంటున్నాం. ఎలా చెప్పినా అందులో ఒక మనిషి నోరు విప్పడు. ఆయనే తండ్రి హిరణ్యధన్వుడు. ఆయన రాజు. కొడుకు చిన్నబోయిన ముఖంతో గురువు దగ్గర నుంచి తిరిగొచ్చినప్పుడు ఆయనేం చేశాడు? వెళ్లి ఒక్క మాట అడిగాడా? కథలో ఆ ఊసే లేదు. తన విలువేమిటో పిల్లవాడే రుజువు చేసుకోవాల్సి వచ్చింది. చేసుకున్నాడు కూడా. రుజువు చేసుకున్నందుకే వేలు పోయింది.

మన పిల్లల కోసం 1997-98 నుంచి కేంద్రం పెడుతున్న గురుకులాలకి ఏకలవ్య పాఠశాలలని పేరు. గురువు కాదన్న శిష్యుడి పేరు అది. బడి గోడ మీద ఆ పేరు రాస్తే సరిపోదు. ఆ పిల్లవాడికి ఆనాడు పెద్దవాళ్లెవరూ ఇవ్వని జవాబు ఈనాడు మనం ఇవ్వాలి.

టీచరు మాటకి అంత బలం ఉంటుందా అని కొందరికి అనుమానం రావొచ్చు. ఉత్తరప్రదేశ్ పల్లెల్లో కార్లా హాఫ్, ప్రియాంకా పాండే అనే ఇద్దరు పరిశోధకులు ఒక ప్రయోగం చేసి 2004లో ఆ వివరాలు అచ్చువేశారు. ఆరు, ఏడు తరగతుల మగపిల్లలు, పైకులాలవాళ్లు 321 మంది, కింది కులాలవాళ్లు 321 మంది. కాగితం మీద దారి కనుక్కునే చిక్కుబొమ్మలు ఇచ్చి, పూర్తి చేసినవాటికి డబ్బులిస్తామన్నారు. ఎవరి కులం ఏమిటో చెప్పనప్పుడు రెండు గుంపులూ దాదాపు సమానంగా చేశాయి. పిల్లల పేర్లతో పాటు కులం కూడా పైకి చదివిన చోట కింది కులాల పిల్లలు చేసినవి తగ్గిపోయాయి. అలాంటి పిల్లలే, అవే బొమ్మలు, అలాంటి బుర్రలే. మధ్యలో వచ్చింది ఒక్క మాట. "మీవాళ్లకి లెక్కలు ఎక్కవు" అనేది ఉన్న సంగతి చెప్పే మాటలా వినిపిస్తుంది గానీ, లేని సంగతిని తయారుచేసే మాట అది.

ఇంత వాదించాక గాని మాకో సంగతి గుర్తు రాలేదు. పిల్లని ఎవరమూ అడగలేదు. అందర్నీ పంపించి మా తమ్ముడూ మేమూ దాని దగ్గర కూర్చుని, "నీకేం కావాలి?" అని అడిగాం. చాలాసేపు చెప్పలేదు. తర్వాత మూడు మాటలు చెప్పింది. "నా పేరు రాసుకోవాలి. సారుతో గొడవ పెట్టుకోవద్దు. నవ్వినవాళ్ల ముందు సారు ఆ మాట తప్పని చెప్పాలి." మా అందరి కంటే దానికే స్పష్టంగా తెలుసు.

ఇంకో పని కూడా ఆ రాత్రే చేశాం. దాని ప్రశ్నకి జవాబు చెప్పాం. "మనవాళ్లకి లెక్కలు రావన్నది అబద్ధం. నీకు లెక్కల్లో ఏం వచ్చో ఏం రాదో కూర్చుని చూద్దాం" అని నోటుపుస్తకం తీయించాం. కూడికలు, గుణకారాలు బాగున్నాయి. భిన్నాలు రావు. అసలు రావు. ఆ సంగతి దానికి అలాగే చెప్పాం. వాళ్లమ్మ బుట్ట మొదలుపెట్టేటప్పుడు బద్దల్ని సగాలుగా, పావులుగా లెక్కపెట్టుకోవడం చూపించి అక్కణ్ణుంచి మొదలుపెట్టాం.

ఇక్కడ ఒక తేడా గమనించాలి. పిల్లకి రానిది రాదని చెప్పడం నిరుత్సాహపరచడం కాదు. మన పిల్లల్ని ముద్దుచేసి, అన్నీ వచ్చని చెప్పి, పదో తరగతిలో ముంచే టీచర్లూ ఉన్నారు. అదీ ద్రోహమే. మరి ఏ మాట మంచిది, ఏది చెడ్డది? మేం ఒక గుర్తు పెట్టుకున్నాం. ఆ మాట విన్నాక పిల్లకి చెయ్యడానికి ఒక పని మిగిలిందా, లేదా? "నీకు భిన్నాలు రావు" అంటే పని మిగిలింది, నేర్చుకోవాలి. "మీవాళ్లకి లెక్కలు ఎక్కవు" అంటే ఏ పనీ మిగల్లేదు. ఎవరూ పుట్టుక మార్చుకోలేరు. మొదటిది చదువు. రెండోది తీర్పు.

మర్నాడు బడి వదిలాక మా తమ్ముడూ మేమూ వెళ్లాం. పిల్లని తీసుకెళ్లలేదు, కుర్రాళ్లని రావద్దన్నాం. మార్కుల కాగితం తీసుకెళ్లాం. మాస్టారు మంచిగానే కూర్చోబెట్టారు. "మీరూ ఈ వృత్తిలోవారే. మీకు తెలియందేముంది? రాసి పోతే పిల్ల బాధపడుతుందని అన్నాను. ఇంతమందికి శిక్షణ ఇవ్వాలంటే నా ఒక్కడి వల్ల ఎలా అవుతుంది?" అన్నారు. అందులో సగం నిజం ఉంది. ఆయనకి తరగతులు ఎక్కువ, రికార్డులు ఎక్కువ. చెడ్డ మనిషి కాదు.

ఆయన మాట వింటుంటే మాకు మరో సంగతి గుర్తొచ్చి తల దించుకోవాల్సి వచ్చింది. అంగలూరు డైట్‌లో శిక్షణ ముగించి ఉద్యోగంలో చేరిన కొత్తలో మేం చేపల చెరువుల మధ్య ఉన్న ఒక ప్రాథమిక బడిలో పనిచేశాం. ఒక యానాది పిల్లవాడు వారంలో రెండు రోజులే వచ్చేవాడు. చెరువు కాపలాకి వాళ్ల నాన్నతో ఉండిపోయేవాడు. ఒకరోజు విసుగొచ్చి, "నువ్వు చెరువు కాపలాకే పనికొస్తావురా" అన్నాం. పిల్లలు నవ్వారు. మేమూ నవ్వాం. తర్వాత వాడు రావడం మానేశాడు. ఆ ఒక్క మాటకే మానేశాడని చెప్పలేం. ఆ మాట లేకపోయినా మానేసేవాడనీ చెప్పలేం. చాలా ఏళ్ల తర్వాత గుడివాడ బస్టాండులో కనపడి, "నమస్కారం మాస్టారూ" అని మా చేతి సంచీ అందుకున్నాడు. ఆ మాట వాడికి గుర్తుందో లేదో తెలియదు. మాకు గుర్తుంది. అడగడానికి నోరు రాలేదు.

మేం ఆదివాసీలమే. అవమానం ఎలా ఉంటుందో తెలిసినవాళ్లమే. అయినా అన్నాం. కుర్చీ ఎక్కాక ఎవరి నోటి నుంచైనా ఆ మాట రాగలదు. అందువల్ల ఆ మాస్టారి ముందు మేం న్యాయమూర్తుల్లా కూర్చోలేకపోయాం. అలాగని మా తప్పు గుర్తొచ్చి మా పిల్ల హక్కుని వదులుకోవడం కూడా సరికాదు. మా తప్పుకి మేం జవాబుదారీ. ఆ పిల్లవాడికి మేం బాకీ ఉన్నామని మా తమ్ముడి కూతురికి రావాల్సింది ఎగ్గొట్టకూడదు.

మేం రెండు విషయాలు అడిగాం. మొదటిది, పేరు. ఏడో తరగతిలో 55 శాతం, ఎస్సీ ఎస్టీ పిల్లలకైతే 50 శాతం వస్తే ఈ పరీక్ష రాయొచ్చని నిబంధన. పిల్లకి 62 ఉన్నాయి. రాస్తే నెగ్గుతుందా అన్నది మాస్టారి అభిప్రాయం. రాయొచ్చా అన్నది నిబంధన. అభిప్రాయం నిబంధన మీద కూర్చోకూడదు. రెండోది, ఆ మాట. "అది తప్పని మీరు క్లాసులోనే చెప్పాలి" అన్నాం. మొదటిదానికి ఆయన "చూద్దాం" అన్నారు. రెండోదానికి ఏమీ అనలేదు. గడువు దగ్గరపడుతోంది. అదే రోజు ప్రధానోపాధ్యాయుడికి అర పేజీ ఉత్తరం రాసిచ్చాం. కోపం లేకుండా, జరిగింది జరిగినట్టు, తేదీతో. నకలు మా దగ్గర ఉంచుకున్నాం. రెండు రోజుల్లో పేరు జాబితాలోకి ఎక్కింది.

అక్కడ ఆగకపోతే ఏం చెయ్యాలో యువకులు తెలుసుకుని ఉండాలి. 2010 ఏప్రిల్ 1 నుంచి అమల్లోకి వచ్చిన విద్యాహక్కు చట్టం ఆరు నుంచి పద్నాలుగేళ్ల పిల్లలకి వర్తిస్తుంది. దాని 17వ సెక్షన్ కొట్టడాన్నే కాదు, మానసికంగా వేధించడాన్నీ నిషేధించింది. 24వ సెక్షన్ ప్రకారం తల్లిదండ్రులతో సమావేశమై పిల్ల ఎలా చదువుతోందో చెప్పడం టీచరు విధి. మనం వెళ్లి అడిగితే అది వాళ్ల పనికి అడ్డం పడటం కాదు. 21వ సెక్షన్ కింద ఏర్పడే పాఠశాల యాజమాన్య కమిటీలో ముప్పావువంతు తల్లిదండ్రులో సంరక్షకులో ఉండాలి, సగం మంది స్త్రీలు ఉండాలి, బలహీన వర్గాల పిల్లల తల్లిదండ్రులకి వాళ్ల సంఖ్యకి తగ్గ చోటు ఉండాలి. 32వ సెక్షన్ కింద స్థానిక అధికార సంస్థకి రాతపూర్వకంగా ఫిర్యాదు ఇవ్వొచ్చు. మూడు నెలల్లో తేల్చాలి. ఆపదలో ఉన్న పిల్లల కోసం 1098 నంబరు ఉంది. తెగ పేరుతో నలుగురిలో కావాలని అవమానిస్తే 1989 నాటి అత్యాచారాల నిరోధక చట్టం ఉంది. ఆ చట్టం ఊరికే వాడేది కాదు, అవసరమైనప్పుడు భయపడి దాచుకునేదీ కాదు. మెట్లు ఒక్కొక్కటే ఎక్కాలి. పై మెట్టు ఉందని తెలిసినవాడే కింది మెట్టు మీద నెమ్మదిగా మాట్లాడగలడు.

పిల్ల పరీక్ష రాసింది. స్కాలర్‌షిప్ రాలేదు.

ఫలితం తెలిసిన రోజు మా తమ్ముడు ఫోన్ చేసి, "సారు అన్నదే నిజమైంది అన్నా" అన్నాడు. కాదురా అన్నాం. ఆ పరీక్ష రాసినవాళ్లలో చాలామందికి రాలేదు. వాళ్ల గురించి ఎవరూ "మీవాళ్లకి ఎక్కవు" అనలేదు. ఓడిపోతే ఆ ఓటమి ఒక్క పిల్లది మాత్రమే కావాలి, తెగది కాకూడదు. మిగతా పిల్లలకి ఎప్పటి నుంచో ఉన్న హక్కు అది. రాసి ఓడిపోయే హక్కు కోసమే మేం ఆ బడికి వెళ్లింది. ఇప్పుడు అది తొమ్మిదో తరగతి. భిన్నాలు వచ్చాయి. బీజగణితం దగ్గర తంటాలు పడుతోంది.

టీచర్లుగా ఉన్న మన సోదరీ సోదరులకి ఒక మాట. మనం రోజుకి వందల మాటలు అంటాం. వాటిలో ఏది ఏ పిల్ల ఇంటికి మోసుకెళ్తుందో మనకి తెలియదు. అనే ముందు ఆ గుర్తు గుర్తుంచుకుందాం. పని మిగిల్చే మాటేనా ఇది? పొరపాటున అనేస్తే, నలుగురిలో అన్నది నలుగురిలోనే వెనక్కి తీసుకుందాం. దానివల్ల కుర్చీ చిన్నదైపోదు.

యువకులకి ఇంకో మాట. మీ చెల్లెలో తమ్ముడో చిన్నబోయి ఇంటికొస్తే మొదట వినండి. తర్వాత "నీకేం కావాలి" అని అడగండి. ఆ తర్వాతే బయల్దేరండి. వెళ్లేటప్పుడు కాగితం తీసుకెళ్లండి, కోపం జేబులో పెట్టుకోండి. "నువ్వే గెలిచి చూపించు" అని మాత్రం అనకండి. గెలవడం వాళ్ల ఇష్టం. జవాబు చెప్పడం మన పని.

మా తమ్ముడి కూతురు మూడు కోరింది. పేరు ఎక్కింది. గొడవ జరగలేదు. మూడోది జరగలేదు. ఆ మాస్టారు దాన్ని ఇప్పుడు బోర్డు దగ్గరికి పిలుస్తున్నారట, భిన్నాలు చేయిస్తున్నారట. కానీ ఆ మాట తప్పని క్లాసులో చెప్పలేదు. మేమూ మళ్లీ వెళ్లి అడగలేదు. పరిస్థితి కుదుటపడింది కదా, ఎందుకు కెలకడం అని మా ఆవిడ అంటుంది. నవ్వినవాళ్ల చెవుల్లో ఆ మాట అలాగే ఉండిపోయింది కదా అని మాకు అనిపిస్తుంది. వచ్చే తల్లిదండ్రుల సమావేశానికి మా తమ్ముడు తనే వెళ్తానన్నాడు. మమ్మల్ని రావద్దన్నాడు. "నా కూతురు అన్నా, నేను అడుగుతాను" అన్నాడు.

ఆ పిల్లకి ఒక జవాబు ఇంకా బాకీ ఉంది. అది పెద్దవాళ్ల బాకీ.